చీమ దూరని పాదం

మా అత్త పోయింది. పోయిన నెలలో ఒక బేస్తవారం పొద్దున మదురైలో మా వీధి చివరి మందులషాపాయన వచ్చి తలుపు కొట్టాడు. మాకు ఎవరు ఫోన్ చేసినా ఆయన షాపుకే చేస్తారు. కోయంబత్తూరు నుంచి మా అన్న చేశాడట. బస్సెక్కి కూర్చున్నాక నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అదీ ఆమె మీదే. ఎంత చెప్పినా వినకుండా, ఆఖరిదాకా ఆ కాళ్లు దాచుకునే పోయింది.

అత్తంటే మా నాయనకు అక్క. అమ్మ పోయాక నన్నూ అన్ననూ పెంచింది ఆమే. కోయంబత్తూరు నూలు మిల్లులో, రీలింగు సెక్షన్లో పని. మిల్లు శంఖం, అదే సైరను, ఊదేసరికి టిఫిన్ డబ్బాతో గేటు దగ్గర ఉండేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి తల నిండా దూది నూగు. ముందు నాకు అన్నం పెట్టి, తర్వాతే తల దులుపుకునేది. చీర మాత్రం పాదాలు దాటి నేల మీద ఈడ్చేటట్టు కట్టేది. అంచులన్నీ నల్లగా మాసి చిరిగేవి. "అత్త నడిచిపోతే మా వాకిలి ఊడ్చే పని తప్పుతాది" అని మిల్లువాళ్ల లైను ఇళ్ల ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లు. ఆమె నవ్వేసి ఊరుకునేది, చీర మాత్రం పైకెత్తేది కాదు. ఎవరింట్లో కూర్చున్నా కాళ్లు వెనక్కి ముడుచుకునే కూర్చునేది.

ఎందుకో చాలాకాలం నాకు తెలియదు. పక్కింటి పెద్దామె చెప్పింది. అత్త వయసులో ఉన్నప్పుడు చిన్నమనూరు నుంచి పిల్లను చూడటానికి వచ్చారు. మా వాళ్లలో అప్పట్లో ఒక అలవాటు ఉండేది. పిల్ల వాకిట్లో కాళ్లు కడుక్కుని, తడి కాళ్లతోనే ఎర్ర గచ్చు మీద నడిచి వచ్చి చాప మీద కూర్చోవాలి. పిల్లవాడి అవ్వ వంగి ఆ అడుగులు చూస్తుంది. అత్త అడుగులు నడుమ సందు లేకుండా నిండుగా పడ్డాయి. "కాలి కింద చీమ దూరేంత సందు లేదే. ఈ కాలు అడుగుపెట్టిన ఇంట్లో ఏదీ నిలవదు" అన్నదట ఆ ముసలామె. ఇచ్చిన కాఫీ తాగి వెళ్లిపోయారు. ఆ మాట వాళ్లకంటే ముందే ఊళ్లు దాటింది. మళ్లీ ఎవరూ రాలేదు. పాదం మధ్యన గుంట లేదని ఒక మనిషి బతుకును పక్కన పెట్టేశారు. ఇప్పటికీ ఇది చెప్పాలంటే నాకు ఒళ్లు మండుతుంది.

నాకు పదమూడేళ్లు నిండినప్పుడు, తలంటు పోసుకుని గదిలోకి వచ్చాను. అత్త నా అడుగుల వైపు చూసి, చేతిలో చెంబు కింద పెట్టేసింది. నావీ నిండు అడుగులే.

మరునాడు మిల్లు నుంచి పాడైన కొయ్య కండె ఒకటి తెచ్చింది. నూలు చుట్టే కండె మీకు తెలిసే ఉంటుంది, గట్టిగా గుండ్రంగా ఉంటుంది. దాన్ని నా అరికాలి నడుమ పెట్టి మిల్లు టేపుతో బిగించి కట్టేది. ఒకరోజు ఒక కాలికి, మరునాడు రెండో కాలికి. అలాగే కూర్చుని చదువుకోవాలి, అలాగే లేచి మంచినీళ్లు తెచ్చుకోవాలి. ఇంత తెలివితక్కువ వైద్యం ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు. మా మిల్లు లైన్లలో మాత్రం ఉండేది. గట్టి కొయ్య కాబట్టి మెత్తటి కాలు దాని ప్రకారం వంగుతుందని వాళ్ల నమ్మకం.

"నొప్పి పుడతాంది అత్తా, పోదుం, ఇంక చాలు."

"పోదుం కాదు కన్నూ, ఇంకొంచేపు ఓర్చుకో. నాకు పట్టిన గతి నీకు వద్దు."

ఆ మాటతో నా నోరు కట్టేసేది. కోపం తెచ్చుకోవడానికి కూడా వీలు లేకుండా ప్రేమించే మనుషులతో వచ్చే ఇబ్బంది ఇదే.

చివరికి కాలు వాచింది. నాయన నన్ను మిల్లు డిస్పెన్సరీకి తీసుకెళ్లాడు. డాక్టరు నన్ను మునివేళ్ల మీద నిలబడమని చెప్పి, వంగి నా పాదాలు చూశాడు. మునివేళ్ల మీద లేస్తే నడుమ కొంచెం గుంట కనిపించింది. "ఇది రోగం కాదు. ఈ వయసు పిల్లల్లో చాలామందికి పాదాలు ఇలాగే ఉంటాయి. కొందరికి పెద్దయ్యాక మారతాయి, కొందరికి మారవు. నొప్పి లేనంతవరకు ఏమీ చేయక్కర్లేదు. ఈ వాపు మాత్రం మీరు కట్టిన కొయ్య వల్ల వచ్చింది" అన్నాడు. నాయన ఇంటికొచ్చి చెప్తే అత్త ఒప్పుకోలేదు. "డాక్టరుకేమి, ఆయన సుమ్మా, ఊరికే చెప్పేస్తాడు. పిల్లను చూడటానికి వచ్చేది డాక్టరా?" అన్నది. వాపు తగ్గాక మళ్లీ కండె కట్టింది.

ఆ యేడు ఆయుధ పూజకు మిల్లు గేట్లు తెరిచి అందరి ఇళ్లవాళ్లనూ లోపలికి రానిచ్చారు. మిషన్లకు పసుపు కుంకుమ, అరటి పిలకలు. కోలాటం వేయడానికి మా లైను ఆడపిల్లలం కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, రీలింగు సెక్షన్ గచ్చు మీదుగా వరసగా నడిచి వెళ్లాం. ఆరిన బూడిదరంగు గచ్చు మీద మా తడి అడుగులు నల్లగా పడ్డాయి. అత్త తన మిషన్ పక్కన నిలబడి మమ్మల్ని చూస్తున్నదనుకున్నాను. ఆమె చూస్తున్నది నేలను.

"ఇది ఎవరి కాలు?" అని అడిగింది. మేస్త్రీ కూతురిది. "మరి ఇది?" దారం మిషన్ మీద పనిచేసే ఆయన చిన్న కూతురిది. "ఇదెవరిదమ్మే?" బడిలో పరుగుపందెంలో అందరికంటే ముందొచ్చే పిల్లది. ఆ మూడూ నిండు అడుగులే. మిగతావాటిలో సందు ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి, ఎవరివి ఏవో కలిసిపోయి ఉన్నాయి. అత్త వంగి వాటిని చూస్తూ ఆరిపోయేదాకా అక్కడే ఉండిపోయింది. మేము కోలాటం ముగించి వచ్చినా కదలలేదు.

ఆ సాయంత్రం కండెను నీళ్ల పొయ్యిలో పెట్టింది. మిల్లు కొయ్య బాగా ఎండినది, గుప్పున అంటుకుంది. ఆ నీళ్లతోనే నా కాళ్లు కడిగింది.

"మరి నువ్వెందుకు దాచుకుంటావు అత్తా, ఇంతమందికి ఇట్లాంటి కాలే ఉండాదిగా?" అని అడిగాను.

"నీ కాలు వేరే కన్నూ. నాది ముద్ర పడిపోయిన కాలు" అన్నది.

ఎంత విసుగు పుట్టిందో చెప్పలేను. కళ్లారా చూసింది. నన్ను విడిచిపెట్టింది. తనను మాత్రం విడిచిపెట్టుకోలేదు. నా పెళ్లికి కూడా కొత్త పట్టుచీర అంచు నేల మీద ఈడ్చుకుంటూనే తిరిగింది. మా ఆయన తరఫువాళ్లు నా కాళ్ల వైపు చూడనైనా లేదు. "చూడలేదు చూడు" అని చెప్తే, "వాళ్లు మంచివాళ్లు" అన్నది. అంతే.

మా ఇళ్లలో పెద్దవాళ్లు పోతే పాదాలకు పసుపు రాసి తెల్లగుడ్డ మీద అచ్చు తీసుకుంటారు. దాన్ని పటం కట్టి గోడకు పెట్టుకుంటారు. నేను చేరేసరికి అన్న ఆ పని చేయిస్తున్నాడు. పక్కింటి పెద్దామె పసుపు ముద్ద తీసుకుని వేళ్లకూ మడమకూ రాసి, బయటి అంచున ఒక గీత గీసింది. నడుమ వదిలేసింది. గుడ్డ మీద క్యాలెండరులో లక్ష్మీదేవి పాదాల్లా ముచ్చటైన అచ్చు పడింది.

"ఇది అత్త కాలు కాదు" అన్నాను.

"చూసేవాళ్లు ఏమైనా అంటారుమ్మే. పోయిన మనిషికి మర్యాదగా ఉండాల" అన్నాడు అన్న. చిన్నప్పుడు జ్వరమొస్తే ఆ పాదాలే వాణ్ని ఎత్తుకుని డిస్పెన్సరీకి పరిగెత్తాయి. వాడికి గుర్తులేదని కాదు, సిగ్గు. ఆ చిన్నమనూరు ముసలామె ఎప్పుడో పోయింది, ఆమె మాట మాత్రం మా ఇంట్లో ఇంకా తిండి తింటూనే ఉంది.

మిగిలిన గుడ్డ చించుకున్నాను. ఎవరూ అడ్డురాలేదు. అరచేతి నిండా పసుపు తీసుకుని అత్త అరికాలికి రాశాను. బతికుండగా ఆ కాలిని నన్నెన్నడూ తాకనివ్వలేదు. షిఫ్టంతా నిలబడి నిలబడి గట్టిపడిన చర్మం, పగుళ్లలో ఇంకా సన్నటి నూలు పోగులు. గుడ్డను ఆనించి నొక్కాను. అచ్చు నిండుగా పడింది.

అన్న ఇంట్లో లక్ష్మీదేవి పాదాలున్నాయి, వచ్చినవాళ్లు దండం పెట్టుకుంటున్నారు. నేను తెచ్చుకున్నదాన్ని మదురైలో పటం కట్టేవాడి దగ్గరికి తీసుకెళ్తే, "నడుమ పసుపు అలుక్కుపోయిందమ్మా, వేరేది లేదా?" అన్నాడు. లేదు, ఇదే సరైనది, కట్టు అన్నాను.

దాన్ని నడవలో తగిలించాను. నిన్న మా అమ్మాయి తలంటు పోసుకుని ఆ పటం ముందునుంచి నడిచిపోయింది. దానికిప్పుడు పదమూడు. ఆ తడి అడుగులు తుడిచేద్దామని గుడ్డ కోసం లేచి మళ్లీ కూర్చున్నాను. గచ్చు మీద వేళ్ల గుర్తులు ముందు ఆరాయి, తర్వాత అంచులు. నడుమ మాత్రం చాలాసేపు తడిగా ఉంది.