ముందు నాలుక మీద వేసుకోవాలి

మా బాబుది ఇంకా అన్నప్రాశన ముద్దలు కొత్తగా మింగుతున్న వయసు. వాడు తుమ్మితే నాకు గుండె ఆగినట్టవుతుంది. మొన్న వాడికి జలుబు చేసిందని తెలిసి, అత్తమ్మ చెల్లెలు చిట్యాల నుంచి బస్సెక్కి జనగామలోని మా ఇంటికి వచ్చింది. ఆమె సంచిలోంచి ఆకుపచ్చ డబ్బా బయటికి రాగానే నేను బాబును ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

"గీ పొడి పోరనికి రోజూ జరంత పెడితే రోగం దగ్గరికి రాదు. మా దిక్కు అందరికీ నేనే ఇస్తున్న," అంది.

"ఇందులో ఏముంటది చిన్నత్తమ్మా?"

"అన్నీ ఆకులే బిడ్డా. ఆకులు ఏం జేస్తయి?"

గన్నేరుది కూడా ఆకే కదా అనబోయి మింగేశాను. డబ్బా మీద తిప్పతీగ, అశ్వగంధ, 'మరియు ఇతర మూలికలు' అని ఉంది. ఆ ఇతరులెవరో లేదు. పసిపిల్లలకు ఎంత ఇవ్వాలో లేదు. ఫోన్లో వెతికితే ఒకరు అమృతమన్నారు, ఇంకొకరు కాలేయం జాగ్రత్త అన్నారు. నేను అటూ ఇటూ తేల్చుకునేలోగా అత్తమ్మ చెంచా కడిగేసింది.

అప్పుడు నాకు అత్తమ్మ పెట్టిన నియమమే గుర్తొచ్చింది. ఒకసారి నేను ఉగ్గు వేడివేడిగా పెట్టబోయినప్పటి నుంచి మా ఇంట్లో అది చట్టం. బాబుకు ఏది ఇవ్వాలన్నా, ఇచ్చేవాళ్లు ముందు తమ నాలుక మీద వేసుకోవాలి.

"చిన్నత్తమ్మా, తెచ్చింది మీరు గద. ముందు మీరు ఏసుకోండ్రి."

చిన్నత్తమ్మ చెంచా వైపు అనుమానంగా చూసింది. "ఇయ్యాల నాకు ఒక్కపొద్దు."

"మరి చేతిల ఉన్నదేంది?" అంది అత్తమ్మ. అది సగం కొరికిన మిర్చి బజ్జీ.

"నూనెల కాలింది నడుస్తదక్కా."

"బజ్జీ నడుస్తది, ఆకులు నడువయా?"

"నోరు మండుతున్నది. మందు పట్టదు."

"చెంబు గక్కడున్నది. పుక్కిలించు."

తప్పించుకునే దారి లేక చిన్నత్తమ్మ గొంతు తగ్గించింది. "షుగర్ గోలీలు ఏసుకుంటున్న గదక్కా. గోలీలతోని గిది కలిస్తే షుగర్ మరీ పడిపోతదట. దవాఖానల సారు ముట్టొద్దన్నడు."

"నీకు వద్దన్నది నా మనుమనికి తెచ్చినవా?"

"వానికి షుగర్ లేదు గద!"

అత్తమ్మ డబ్బా మూత బిగించిన తీరు చూస్తే మళ్లీ ఎవరికీ ఊడి రాదనిపించింది. డబ్బా తిరిగి సంచిలోకి పోయింది.

సాయంత్రం పిల్లల డాక్టర్‌కు చూపించాం. మామూలు జలుబేనట. పాలు బాగా పట్టమని, టీకాలు తప్పించొద్దని, ఈ వయసులో ఏ పొడులూ వద్దని చెప్పి, ముక్కులో వేయడానికి ఉప్పునీటి చుక్కలు రాశాడు. తేలికపడి ఇంటికొచ్చి సీసా మూత తీశాను.

అత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు పిల్లా. ఇచ్చేదెవరు?"

"నేనే."

"మరి ముందు నువ్వు ఏసుకో."

"ఇది ముక్కుల మందు అత్తమ్మా!"

"నీకు ముక్కు లేదా?"

సీసా ముక్కుకు తగలకుండా ఎత్తిపట్టి, తల వెనక్కి వాల్చి చుక్క వేసుకున్నాను. ఇల్లదిరేలా తుమ్మాను. రెండు రోజులుగా మూలుగుతున్న బాబు పకపకా నవ్వాడు.

"ఇగ ఎయ్యి," అంది అత్తమ్మ.