విప్పి కుట్టిన బొంతలు

ఎనిడ్ ట్రెలోర్ ఇంట్లో భోజనాల బల్ల మీద ఎవరూ భోజనం చేయగా నేను చూడలేదు. ఆస్ట్రేలియా దక్షిణాన, సముద్రం పక్క పల్లెలో, వాళ్ళ పక్కింట్లో నలభై ఏళ్ళున్నాను. ఆ బల్ల మీద ఎప్పుడూ కుట్టుమిషను, ఇస్త్రీపెట్టె, గుడ్డముక్కల డబ్బాలు ఉండేవి. వంటింటి వైపున్న కొస ఆల్బమ్‌లది. ఫొటోలు, కత్తెర, జిగురు, కాగితం పొట్లాల్లో మనవరాళ్ళ పుట్టువెంట్రుకలు, ఊరి ప్రదర్శనలో ఆప్రికాట్ జామ్‌కి వచ్చిన బహుమతి రిబ్బన్లు అన్నీ అక్కడే. ఇంటిల్లిపాదీ పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని తినేవాళ్ళు. ఆమె భర్త మెర్విన్ బార్లీ పొలం నుంచి వచ్చి, గుమ్మంలో బూట్లు విప్పి రెండడుగులు వేసేసరికి కాల్లో గుండుసూది దిగేది.

"మనింట్లో నడవాలంటే ముందు బీమా చేయించుకోవాలోయ్" అని అరిచేవాడు.

"నువ్వు కిందకి చూసి నడవ్వు" అనేది ఎనిడ్, మిషను మీంచి తల ఎత్తకుండానే.

ఆమె కొత్త గుడ్డ కొనేది కాదు. "మంచి గుడ్డ కొని, ముక్కలు చేసి, మళ్ళీ అతకడం ఏంటే జాయ్, మతి లేక!" అనేది నాతో. మెర్విన్ ఫ్లానెల్ పైజామాలు, కూతురు రాస్లిన్ స్కూలు గౌన్లు, మా ఇంటి పాత కర్టెన్లు, పోస్టాఫీసు ఆయన పెళ్ళాం పారేయబోయిన బల్లగుడ్డలు, అన్నీ ఆ డబ్బాల్లోకి చేరేవి. అక్కణ్ణించి బొంతలై బయటికొచ్చేవి. కుడుతూ కూనిరాగం తీసేది. రాగం తప్పని పాట ఒక్కటి కూడా విన్న గుర్తు లేదు, కానీ ఆ చప్పుడు మా పెరట్లోకి వినబడుతుంటే నాకు పొద్దు తెలిసేది కాదు.

మంగళవారాలు చర్చి హాల్లో మేం ఎనిమిదిమంది ఆడవాళ్ళం కూర్చుని కుట్టేవాళ్ళం. కుట్టినవి అడిలైడ్‌లో నెలలు నిండకుండా పుట్టిన పసికందుల వార్డుకి వెళ్ళేవి. కొన్ని, మొగుడి దెబ్బలు పడలేక పిల్లల్ని చంకనేసుకుని వచ్చేసిన ఆడవాళ్ళుండే ఇంటికి. నెలకి మేమంతా కలిసి చేసే వాటిలో సగం ఎనిడ్ చేతివే. మిగతావాళ్ళకి అది పని. ఆమెకి మాత్రం సరదా. ఏడాది గడిచాక కూడా ఏ బొంతలో ఏ ముక్క పడిందో చెప్పగలిగేది.

డెబ్బై మూడో ఏట కళ్ళు మొరాయించాయి. మొదట సూదిలో దారం ఎక్కించలేకపోయి నవ్వేసింది. తరవాత ఒకరోజు మా ఇంట్లో టీ వంచుతూ కప్పు పక్కన వంచింది. మెర్విన్ కారులో అడిలైడ్ తీసుకెళ్ళి చూపించాడు. చూపులో నడిమధ్య భాగం పోతోందని, చుట్టూ అంచులు మాత్రం మిగులుతాయని, మందు పెద్దగా లేదని డాక్టరు చెప్పాడట. మాతో మాత్రం, "కొంచెం మసకలే. వయసు" అంది. అంతకు మించి ఎవరూ అడగలేదు. ఆమె కుట్టడం ఆపలేదు. వేళ్ళతో తడుముకుంటూ, గుడ్డని పక్కకి పెట్టి ఓరగా చూస్తూ కుట్టేది.

ఒక మంగళవారం ఎనిడ్ తొందరగా ఇంటికెళ్ళిపోయింది. ఆమె తెచ్చిచ్చిన పసిబొంతని మా ఎనిమిదిమందిలో ఒకావిడ, బెరిల్, ఇస్త్రీ చేస్తోంది. ఉన్నట్టుండి "అబ్బా!" అని చెయ్యి లాక్కుంది. రెండు పొరల మధ్య, దూదిలో, గుండుసూది ఒకటి ఉండిపోయింది. బెరిల్ దాన్ని లాగి బల్ల మీద పెట్టింది. ఆ బొంత వెళ్ళాల్సింది కిలోన్నర బరువు కూడా లేని బిడ్డ మీదికి.

"ఎనిడ్‌కి చెప్పాలి" అంది బెరిల్.

"ఎవరు చెప్తారు?" అన్నాను నేను.

"నువ్వే. నీ పక్కిల్లు, నీ స్నేహితురాలు."

ఆ సాయంత్రం నేను ఎనిడ్‌కి బదులు రాస్లిన్‌కి ఫోన్ చేశాను. అది నా మొదటి తప్పు. రాస్లిన్ ఏడ్చేసింది. "ఆంటీ, అమ్మ కారు నడపడం మానేసింది. చదవడం పోయింది. ఇక మిగిలింది అదొక్కటే. దాన్ని కూడా లాక్కోకండి. మీకు పుణ్యముంటుంది" అంది.

మేం ఏడుగురం కూర్చుని తేల్చుకున్నాం. ఎనిడ్ కుట్టినవి ముందు నా దగ్గరికి రావాలి, నేను చూసిన తరవాతే అడిలైడ్‌కి వెళ్ళాలి. మొదట్లో సూదులున్నాయేమోనని తడిమి వదిలేసేదాన్ని. తరవాత ఉతికితే ఊడిపోయే కుట్లు కనబడ్డాయి, అవి విప్పి కుట్టాను. ఆ తరవాత మూలలు కలవని చోట్లు. ఆర్నెల్లు తిరిగేసరికి బొంత మొత్తం విప్పి మొదటినించీ కుట్టేస్తున్నాను. మంగళవారం హాల్లో ఎనిడ్ అడిగేది, "పోయినవారం దాని మూలలు ఎలా కుదిరాయే?" అని. "బ్రహ్మాండంగా" అనేదాన్ని. ఆమె మొహం విచ్చుకునేది. నిజం చెప్పాలంటే, ఆమె బాగుందని మురిసిపోయే పని నాదని లోపల నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఏడాదిన్నర అలా నడిచింది.

ఫిబ్రవరిలో, ఎండ మాడ్చేస్తున్న ఓ మధ్యాహ్నం, తలుపు తీసి, దోమతెర తలుపు మాత్రం మూసి కూర్చున్నాను. ఒళ్ళో బొంత ఉంది. కుట్లు విప్పే కొక్కేనికి దారం తెగుతున్న చప్పుడు, టిక్, టిక్, టిక్. తల ఎత్తేసరికి ఎనిడ్ లోపలికొచ్చి నిలబడి ఉంది. మెర్విన్ పొద్దున్నే నీళ్ళలో దిగి పట్టుకొచ్చిన పీతలు ఉడికించి గిన్నెలో తెచ్చింది.

"ఎవరిది విప్పుతున్నావ్?" అంది.

ఆ చప్పుడు తెలియని కుట్టుమనిషి ఉండదు.

"నాదేలే. వంకర పోయింది" అన్నాను.

"నీకా? వంకరా?" అని నవ్వుతూ గిన్నె బల్ల మీద తడిమి పెట్టి, నా ఒళ్ళోకి చెయ్యి చాపింది. సరదాకే. గుడ్డ మీద అరచెయ్యి ఆన్చి, వేళ్ళు ఒకసారి అటూ ఇటూ రాసింది. చెయ్యి ఆగిపోయింది.

"ఇది మెర్వ్ పైజామా" అంది. "మోకాలి దగ్గర అరిగిన ముక్క. ఇది నీ దగ్గరికెలా వచ్చిందే, జాయ్?"

నేను కొక్కెం తీసి బల్ల మీద పెట్టాను.

"ఎన్నాళ్ళనించి?"

"పోయినేటి ముందటేడు... చలికాలం నించి."

"ఎన్ని?"

"ఎనిడ్, అన్నీ కాదు..."

"ఎన్ని అని అడిగాను."

"ముప్పై దాకా."

కుర్చీ వెతుక్కుని కూర్చుంది. నేను అప్పుడు గుండుసూది సంగతి చెప్పాను. బెరిల్ చెయ్యి సంగతి, రాస్లిన్ ఏడ్చిన సంగతి, అన్నీ గబగబా చెప్పేశాను. ఆమె ఆఖరిదాకా విన్నది.

"పసిబిడ్డ మీద సూది" అంది మెల్లగా. "ఆ మాట ఆ రోజే నాకు చెప్పి ఉంటే నేనే మానేసేదాన్ని కదే. నా అంతట నేను. చేతులు కడుక్కుని లేచేదాన్ని. అది కూడా నాకు లేకుండా చేశారు. ఏడుగురూ కూర్చుని నన్ను చంటిపిల్లని చేశారు."

"నీ మనసు కష్టపెట్టకూడదని..."

"మంగళవారం మంగళవారం 'బ్రహ్మాండం' అనేదానివి" అంది. "నేను ఇంటికెళ్ళి మెర్వ్‌కి చెప్పుకునేదాన్ని."

లేచి, గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయింది. చెయ్యి అందించబోతే విదిలించింది. పీతలు అలాగే ఉండిపోయాయి. మర్నాడు పారబోశాను.

ఆ తరవాత ఎనిడ్ హాలుకి రాలేదు. బెరిల్ కేకు పట్టుకెళ్ళింది, తీసుకుని థాంక్స్ చెప్పి తలుపేసింది. రాస్లిన్ నా మీద మండిపడింది. "తలుపు గడియ పెట్టుకోవడం కూడా రాదా ఆంటీ మీకు?" అంది. ఆ తరవాత వారమే వచ్చి క్షమించమంది. ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది. మెర్విన్ ఒకరోజు కంచె దగ్గర నిలబడి చెప్పాడు.

"బల్ల ఖాళీ చేసేసింది, జాయ్. మిషను అటకెక్కించమంది, ఎక్కించాను. ఇప్పుడు ఇద్దరం కుర్చీల్లో ఎదురెదురుగా కూర్చుని తింటున్నాం, హోటల్లోలాగ. ముద్ద దిగట్లేదు."

"నన్ను ఏమైనా అంటోందా?"

"నీ పేరెత్తదు" అని తలొంచుకుని వెళ్ళిపోయాడు. పక్కింటి వైపునుంచి కూనిరాగం వినబడడం మానేసింది. ఆ చలికాలం మా ఇంట్లో రేడియో రోజంతా పెట్టుకునేదాన్ని.

జూన్ ఆఖర్లో, మా వైపు చలికాలం మధ్యలో, ఎనిడ్ ఫోన్ చేసింది. ఎలా ఉన్నావని అడగలేదు. "టీగన్ ఆల్బమ్ సగంలో ఉంది. దానికి పద్దెనిమిది వచ్చేలోపు అయిపోవాలి. పెద్దదానికిచ్చి చిన్నదానికి ఇవ్వకపోతే బాగోదు. బుధవారం వస్తావా?" అంది.

టీగన్ రాస్లిన్ చిన్నకూతురు. అప్పటికి దానికి పదహారు దాటాయి.

వెళ్ళాను. ఖాళీ బల్ల మీద ఫొటోల పెట్టె పెట్టి కూర్చుంది.

"రాస్లిన్‌ని అడిగితే అన్నీ బాగున్నాయంటుంది" అంది. "నువ్వు ఉన్నదున్నట్టు చెప్పు. ఈసారైనా."

అలా మొదలైంది. ప్రతి బుధవారం పది గంటలకి వెళ్ళేదాన్ని. ఫొటో తీసి అందులో ఏముందో చెప్పేదాన్ని. ఆమె అది ఎప్పటిదో, పక్కనున్నది ఎవరో, ఆ రోజు ఏం తిన్నారో చెప్పేది. నేను కింద రాసి అతికించేదాన్ని. "రేవు దగ్గర. టీగన్ గాలం పట్టుకుంది. ముందు పళ్ళు రెండు లేవు" అంటే, "ఆ రోజు వాళ్ళ తాతయ్య టోపీ సముద్రంలో పడింది, అది కూడా రాయి" అనేది. మధ్యలో మాంసం, దుంపలు కూరిన పాస్టీలు వేడిచేసి పెట్టేది. మాట్లాడేది, కానీ ఫొటోల గురించే. మా ఇద్దరి గురించి ఒక్క మాటా రాలేదు.

ఒక బుధవారం పెట్టెలోంచి చర్చి హాల్లో తీసిన ఫొటో వచ్చింది. ఎనిడ్ నిలబడి, నీలం పసుపు గళ్ళ బొంత రెండు చేతులా పరిచి పట్టుకుని ఉంది. పక్కన టీగన్. చెప్పాను.

"నేను నవ్వుతున్నానా?"

"ఆ. బాగా నవ్వుతున్నావ్."

"ఏ బొంత అది? ఎప్పటిది?"

ఫొటో వెనక తేదీ చూశాను, నేను మొత్తం విప్పి కుట్టినవాటిలోది. "పోయినేడు మే నెలది" అన్నాను.

ఎనిడ్ బల్ల అంచు మీద వేళ్ళు రాస్తూ కూర్చుంది.

"అయితే రాయి. 'అమ్మమ్మ, టీగన్, చర్చి హాలు. బొంత కుట్టింది జాయ్ పాస్కో.'"

"ఎనిడ్, వద్దు. రంగులు నీవి. ముక్కలు కోసిందీ, పేర్చిందీ నువ్వు. నేను మూలలు..."

"రాయమన్నాను" అంది. గొంతు పెంచలేదు. "నా మనవరాలి పుస్తకంలో అబద్ధం ఉండకూడదు."

రాశాను. అక్షరాలు వంకర పోయాయి. చదివి వినిపించమంది, వినిపించాను. తల ఊపి, తరవాతి ఫొటో తియ్యమంది.

మరుసటి ఏడు చలికాలం అయిపోవస్తుండగా ఆల్బమ్ పూర్తయింది. ఆఖరి ఆరు పేజీలు ఖాళీగా వదిలెయ్యమంది. "అవి దానివి. ఏం పెట్టుకుంటుందో దాని ఇష్టం" అంది. సెప్టెంబరులో, ఒక ఆదివారం పొద్దున, మెర్విన్ టీ తీసుకుని గదిలోకి వెళ్ళేసరికి ఎనిడ్ లేవలేదు. నిద్రలోనే పోయింది. శవపేటిక మీద కప్పడానికి ఆమె కుట్టిన బొంత ఒకటి కావాలంది రాస్లిన్. ఇంట్లో చూస్తే ఒక్కటీ లేదు, అన్నీ ఎవరెవరికో ఇచ్చేసింది. ఆఖరికి పోస్టాఫీసు ఆయన ఇంట్లో దొరికింది, ఇరవై ఏళ్ళ కిందటిది, ఉతికి ఉతికి వెలిసిపోయింది. అదే కప్పారు. మెర్విన్ దాని అంచు సర్దుతూ ఉండిపోయాడు. పాస్టరు పక్కకి తీసుకెళ్ళేదాకా వదల్లేదు.

టీగన్‌కి పద్దెనిమిదో పుట్టినరోజు నవంబరులో వచ్చింది. ఆల్బమ్ రాస్లిన్ ఇచ్చింది. వారం తరవాత ఆ పిల్ల మా ఇంటికొచ్చి, పుస్తకం తెరిచి, హాలు ఫొటో ఉన్న పేజీ నా ముందు పెట్టింది.

"ఇదేంటి జాయ్ ఆంటీ? అమ్మమ్మ చేతిలో ఉన్న బొంత మీరు కుట్టారని ఉంది. మీ చేతిరాతే. అమ్మని అడిగితే ఏడుస్తోంది."

చెప్పాను. గుండుసూది దగ్గర్నించి పీతల దాకా, పీతల దగ్గర్నించి ఆ బుధవారం దాకా. పిల్ల అడ్డు రాకుండా విన్నది. ఫొటోలో బొంత మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"మరి అమ్మమ్మకి మీ మీద కోపం పోయిందా?"

"తెలీదమ్మా."

"మీరు అడగలేదా?"

ఏడాది పైన, ప్రతి బుధవారం ఆమె ఎదురుగా కూర్చున్నాను. నోటిదాకా వచ్చిన రోజులున్నాయి. ఆమె 'పోలేదు' అంటే ఆ బుధవారాలు కూడా ఉండవేమోనని భయపడ్డాను.

"అడగలేదు" అన్నాను.