మగ్గం ఆగిన పదకొండు రోజులు

1985 డిసెంబరులో నేను ఎమ్మిగనూరు ప్రభుత్వాసుపత్రిలో సివిల్ అసిస్టెంట్ సర్జన్‌ని. పేరు ఘనంగా ఉన్నా ప్రభుత్వ వైద్యుల్లో అది మొదటి మెట్టు. కాన్పులన్నీ నా మీదే పడేవి.

ఆ నెలలో ఒక చేనేత కుటుంబపు కోడలు లక్ష్మికి నెలలు నిండకుండానే కాన్పయింది. ఆడపిల్ల, కిలోన్నర కూడా తూగలేదు. అలాంటి బిడ్డల ఒంట్లో వేడి నిలవదు. కరెంటుతో వెచ్చబెట్టే ఇంక్యుబేటర్ పెట్టె కర్నూలులోనే ఉండేది. మా జీపేమో కోసిగిలో కుటుంబ నియంత్రణ క్యాంపుకు పోయింది. ఆ చలిలో బస్సెక్కిస్తే బిడ్డ దక్కదు.

అప్పుడు బీరువాలోని కాగితాలు గుర్తొచ్చాయి. ఆదోనిలో నర్సుగా పనిచేసే స్పెయిన్ దేశపు సిస్టర్ ఒకరు ఐదు నెలల కిందట ఇచ్చారు. కొలంబియా డాక్టర్లు స్పానిష్‌లో రాసిన నివేదిక అది. పక్కన ఆవిడే ఇంగ్లీషులో అర్థం రాసిపెట్టారు. ఇంగ్లీషు పత్రికల్లో రానిది మనకెందుకులే అని నేను విప్పి కూడా చూడలేదు. ఆ రోజు నిలబడే చదివాను. పెట్టెలు చాలక వాళ్లు బిడ్డను తల్లి ఎదకు, ఒంటికి ఒళ్లు తగిలేలా నిలువుగా కట్టారట.

లక్ష్మికి రక్తం పోయి చలిజ్వరం. అత్త నాగమ్మకు విడవని దగ్గు. భర్త ఈరన్న వసారాలో ఖాళీగా కూర్చున్నాడు. పురుడు తీరేదాకా, పదకొండు రోజులు, వాళ్లింట్లో మగ్గం ముట్టరు. వెచ్చదనం ఎవరిదైతేనేం అనుకుని అతన్ని చొక్కా విప్పమన్నాను. నాగమ్మ అడ్డుపడింది.

"పురిటిబిడ్డను మొగోడు ముట్టేదేంది డాక్టరమ్మా? యాడన్నా ఉందా?"

బిడ్డ పాదం పట్టుకుని చూడమన్నాను. మంచుగడ్డలా తగిలేసరికి కొడుకు వైపు తిరిగింది.

"మగ్గమెట్లాగూ ముట్టవు. ఈడ కూసోని కట్టుకోరా ఈరన్నా," అంది.

బిడ్డను అతని ఎదకు కట్టబోతే గంజి పెట్టిన కొత్తగుడ్డ జారిపోతుంటే నాగమ్మే తన పాత చీర చింపి ఇచ్చింది. గంటలో పాదాలు వెచ్చబడ్డాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. లక్ష్మి పాలు పిండి చుక్కచుక్కగా పట్టాం. మూడోనాటికి ఆమె జ్వరం తగ్గి బిడ్డను అందుకుంది, అయినా ఈరన్న తన వంతు వదులుకోలేదు. పురుడు తీరిన రోజు నాగమ్మ మగ్గానికి పొమ్మంటే, "ఇంగొక దినం ఉంటాన్లేమ్మా," అన్నాడు. ఇరవై రోజులకు బిడ్డ ఒళ్లు చేసి ఇంటికి పోయింది.

అంతకుముందు అదే ఏడాది ఇద్దరు బిడ్డలను గుడ్డల్లో చుట్టి కర్నూలుకు పంపాను. ఇద్దరూ దారిలోనే పోయారు. రెండో బిడ్డను పంపేనాటికి ఆ కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. ఏ భాషలో వచ్చిన కాగితమైనా చేతికందిన రోజే చదివించుకోవాలని నేర్చుకున్నది అందుకే.