ఏ మాట చెప్పల్ల?

అరబ్బు ఊరు ఫహాహీల్‌లో మా పక్క ఫ్లాట్‌లో పనిచేసే కడప ఆమె కనిపించినప్పుడల్లా నన్ను ఇంగ్లీషు మాటలు అడిగేది. "హ్యాపీకి, గ్లాడ్‌కి తేడా ఏందక్కా?" నాకు తోచింది చెప్పేదాన్ని.

ఆరేళ్లకు ఆమె సొంతూరికి వెళ్లిపోయే రోజు వచ్చింది. పొద్దున్నే నా తలుపు తట్టింది.

"హ్యాపీనా అని మామా అడగతాందక్కా. మా పాపను చూస్తానని సంతోషంగానే ఉండాది. ఈడ నేను పెంచిన బిడ్డేమో నన్ను వదలడంల్యా. ఏం చెప్పల్ల?"

యజమానురాలిని ఆమె మామా అనేది.

"రిలీవ్డ్ అను. బరువు దిగిందని అర్థం" అన్నాను.

"బిడ్డ బరువా అక్కా?"

నేను ఆమె పెట్టె అందుకుని కిందికి దారితీశాను.

కింద కారు దగ్గర మామా మళ్లీ అదే అడిగింది. కడప ఆమె ఆ బిడ్డను చంకనెత్తుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. మామాకు ఏమర్థమైందో ఏమో, తనూ ఏడ్చింది.