గరిటె జవాబు

ఆ వీధి పిల్లలంతా ఆమెను పాస్తా పిన్ని అనే పిలుస్తారు. తొమ్మిది బల్లల ఆ చిన్న ఇటాలియన్ హోటల్లో ఇరవై రెండేళ్లుగా వడ్డన ఆమెది, వంట భర్తది. ఆర్డరు కాగితం మీద రాసుకోవడం ఆమెకు నామోషీ. వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఒక్క కేక వేసేది. ఆయన గరిటెతో గట్టు మీద రెండుసార్లు కొట్టేవాడు, విన్నానని. అలిగి మాటలు మానేసిన రోజుల్లో కూడా ఆ రెండు దెబ్బలు మానలేదు. ఇద్దరూ మొండిఘటాలే మరి.

ఆయన పోయి నాలుగు నెలలైంది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని కూతురికి తెగేసి చెప్పి, పిన్ని మళ్లీ ఏప్రన్ కట్టింది. కొత్త వంటతను నోట్లో నాలుక లేని మనిషి. గరిటె కొట్టే సంగతి అతనికెవరూ చెప్పలేదు.

అయినా ఆమెకు వినబడుతూనే ఉంది. కేక వేస్తుంది, ఠక్కు ఠక్కుమంటుంది, వెనుదిరిగి వచ్చేస్తుంది. పొగ లాగే ఫ్యాను హోరులో వంటతనికి సగం కేకలు అందవు. జవాబు రాకపోతే కదా ఇంకోసారి అరిచేది? ఆమెకు వస్తోందాయె.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎప్పుడూ వచ్చే కుటుంబం గంటసేపు కూర్చుంది. మూడేళ్ల పాప టమాటా పాస్తా కోసం ఏడ్చి ఏడ్చి బల్లమీదే నిద్రపోయింది. వాళ్లమ్మ పల్లెత్తు మాట అనలేదు. పాపను భుజాన వేసుకుని, మళ్లీ వస్తాం పిన్నీ అంటూ వెళ్లిపోయింది.

"అమ్మా, వంటతనికి ఆర్డరు అందనేలేదట" అంది గల్లా దగ్గరున్న కూతురు.

"చెప్పాను. మీ నాన్న విన్నారు."

కూతురు వచ్చి ఆమె ఏప్రన్ ముడి విప్పబోయింది. ఇంటిపట్టున ఉండమ్మా అని బతిమాలింది. లేని చప్పుడు వింటున్నానా అని పిన్నికి భయమేసింది. ఆ చప్పుడు ఆగిపోతుందేమోనని అంతకన్నా భయమేసింది. కానీ ఆకలితో నిద్రపోయిన పాప ముఖం కళ్ల ముందు నుంచి కదలలేదు.

మర్నాడు తలుపులు తెరవకముందే, కొక్కేనికి వేలాడుతున్న భర్త గరిటె తీసి వంటతని చేతికిచ్చింది.

"నేను పిలిస్తే దీనితో రెండుసార్లు కొట్టు బాబూ. వినబడకపోతే మళ్లీ పిలుస్తాను."

మొదటి ఆర్డరుకు కేక వేసింది. రెండు దెబ్బలు పడ్డాయి, గబగబా, గట్టిగా. ఆమె కదల్లేదు. ఒకటి కొట్టి, ఊపిరి తీసుకుని, రెండోది కొట్టే ఆయన నెమ్మది చెయ్యి కోసం కిటికీ పట్టుకుని నిలబడింది. ఫ్యాను హోరు తప్ప ఏమీ లేదు.

వంటతను తల బయటపెట్టి, వినబడలేదా అమ్మా అని అడిగాడు. వినబడిందంది.

ఆ పూట ముప్పై కేకలు వేసింది. ఒక్క ఆర్డరూ తప్పలేదు. ఆయన మాత్రం ఇక పలకలేదు.