బోణీ బేరంలో దొరికిన ఓడ

మా బజారులో పుచ్చిన కందిపప్పు కొన్నవాళ్ళున్నారు, నడవని గడియారం కొన్నవాళ్ళున్నారు, మునిగిపోయే చీటీ అని తెలిసీ కట్టినవాళ్ళున్నారు. సముద్రం లేని తిరుపతిలో కూర్చుని వంద రూపాయలు పోసి తెరచాపల ఓడ కొన్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఈ విషయంలో నాకు పోటీ లేదు. పైగా ఊరికే కొనలేదు, బేరమాడి కొన్నాను.

మాది పాత్రల కొట్టు. మా నాయన ఇత్తడి, రాగి అమ్మి పైకొచ్చినవాడు. నేను చేతికందే వేళకు, అంటే డెబ్బయ్యో దశకం చివరికి, జనం ఎవర్‌సిల్వర్, అదే స్టీలు, మోజులో పడ్డారు. సరుకు మారినా బేరం మారలేదు. ఎవరు ఏ ధర చెప్పినా సగానికి అడగడం మా నాయనకు తుమ్ము వచ్చినంత సహజంగా వచ్చేది. ఒకసారి డాక్టరు పది రోజులు మందు మింగమంటే, "అయిదు రోజులకి ఇవ్వు సార్" అన్నాడు. నేను ఇంకో మెట్టు పైన. పావుకు అడిగేవాణ్ణి.

నాకు ఇంకో ఎత్తు కూడా ఉండేది. ఏ ఊరు పోయినా కొట్లు తెరిచే వేళకే పోయేవాణ్ణి. పొద్దున తొలి బేరం, అదే బోణీ, చెడగొట్టుకోవడానికి ఏ వ్యాపారీ ఇష్టపడడు. ఆ భయం మీద రూపాయో రెండో దిగుతాడు. అయితే ఈ కత్తికి రెండో వైపు కూడా పదునుంది. బోణీ వేళ నోరు తెరిచి ఒక ధర అడిగి, కొట్టువాడు సరేనన్నాక వద్దని దిగిపోతే, ఆ రోజంతా ఆ కొట్టు మీద శని కూర్చుంటుంది. బయటివాళ్ళు చేస్తారేమో. కొట్టులో పుట్టినవాడు చచ్చినా చేయడు. మా నాయన నాకు నేర్పిన తొలి పాఠం అదే.

ఆ ఏడు దసరాకు ముందు సరుకు తేవడానికి మద్రాసు బయల్దేరుతుంటే మా నాయన ఒక మాట అన్నాడు. "ఈ విజయదశమికి గల్లా కాడ నువ్వు కూర్చోరా. నా నడుము ఇంక పనికిరాదు." గల్లా అంటే డబ్బుల పెట్టె. దాని పక్కనున్న పరుపు మీద ఎవరు కూర్చుంటే కొట్టు వాళ్ళది. పెళ్ళయి, బిడ్డ పుట్టి కూడా నేను అప్పటిదాకా తక్కెడ దగ్గర నిలబడేవాణ్ణే. బస్సులో మద్రాసు దాకా ఆ పరుపు మీదే కూర్చుని పోయినట్టుంది నాకు.

మద్రాసులో దిగేసరికి పాత్రల హోల్‌సేలు కొట్లు ఇంకా తెరవలేదు. పొద్దుపోక పాత సామాన్ల వీధిలో తిరుగుతున్నాను. ఒక ముసలాయన అప్పుడే వాకిట్లో నీళ్ళు చల్లి ఊదొత్తి వెలిగిస్తున్నాడు. విరిగిన కుర్చీల వెనక కనబడింది ఓడ. మూడడుగుల పొడవు, నల్లటి పొట్ట, అడుగున నిజమైన రాగిరేకు. మూడు కొయ్యస్తంభాలు, వాటి మీద వరసలు వరసలుగా తెరచాపలు, వాటిని పట్టి లాగుతూ వందల దారాలు. పైన డెక్కు మీద గోరంత వెడల్పు చెక్కముక్కలు ఒక్కొక్కటీ విడిగా పరిచి ఉన్నాయి. చుక్కాని చక్రం రూపాయి బిళ్ళంత.

"ఇది ఎంత?" అన్నాను. కొనే ఉద్దేశం లేదు. నోరు ఊరుకోదు.

"నాలుగు నూర్లు తంబీ."

"నూరు."

ఆయన ఓడ వైపు చూశాడు, ఊదొత్తి వైపు చూశాడు, నా వైపు చూశాడు. "తీసుకో. బోణీ నీదే."

బేరంలో అసలు రుచి కొట్టు దిగి నాలుగడుగులు వేశాక వెనకనుంచి వచ్చే పిలుపులో ఉంటుంది. ఆ నాలుగడుగులు కూడా వేయనివ్వలేదు మహానుభావుడు. సరుకు కోసం తెచ్చిన డబ్బులోంచి నూరు తీసి ఆయన చేతిలో పెట్టాను.

పాత పంచెలో చుడుతూ ఆయనే చెప్పాడు. "దొర బంగళా సామాన్లలో వచ్చింది. ఎవరో ఏండ్ల తరబడి చేత్తో చేసినాడు. నూరేళ్ళ కిందట చైనాలో టీ ఆకు ఎక్కించుకొని ఇంగ్లీషు సీమకు పందెం మీద పోయేవంట ఈ ఓడలు. క్లిప్పరు అంటారు. ముందు చేరినవాని సరుక్కే మంచి రేటు."

ఆ మాట నాకు తగిలింది. అంటే వాళ్ళు కూడా కొట్టు తెరిచే వేళకు చేరాలని సముద్రాలు దాటినవాళ్ళే. మా కులవృత్తి ఓడ అనుకున్నాను. నష్టం కొంచెం తేలికయింది.

తిరుగు బస్సులో కండక్టరు ఓడకు టికెట్టు అడిగాడు. సీటు ఆక్రమించిందన్నాడు.

"దీనికి టికెట్టు ఏందప్పా. ఒళ్ళో బిడ్డ మాదిరి ఉండాది."

"దీని వయసెంత?"

తెలివి చూపించబోయి "నూరేళ్ళ కిందటి ఓడ" అన్నాను.

"నూరేళ్ళ ముసల్దానికి ఫుల్ టికెట్టే."

నగరి దాకా వాదించి సగం టికెట్టుకు దించాను. ఆ గెలుపు పుత్తూరు దాకే. పుత్తూరు ఎముకలు కట్టేవాళ్ళ ఊరు కదా, అక్కడ బస్సెక్కేవాళ్ళలో సగం మంది చేతికో కాలికో కట్టుతోనే ఎక్కుతారు. అలా కాలికట్టుతో ఎక్కిన ఒక పెద్దమనిషి, బస్సు కదలగానే తూలి, పట్టుకోవడానికి కమ్మీ దొరకక నా ఓడ నడిమి స్తంభం పట్టుకున్నాడు. అది పటుక్కుమంది. దాంతో పాటు దారాలన్నీ పిచ్చుక గూడు మాదిరి అల్లుకుపోయాయి. తనది కట్టించుకొని ఎక్కి, నాది విరిచి దిగాడు.

కొట్టుముందు దించగానే మా నాయన ఓడను ఎత్తి తక్కెడలో పెట్టాడు. మా కొట్టులో ఏ వస్తువుకైనా మొదటి మర్యాద అదే.

"రాగి మహా అంటే వంద గ్రాములు. మిగిలింది కట్టె. ఎంతకి తెస్తివి?"

"నూరు. నాలుగు నూర్లు చెప్పినాడు నాయనా."

"ఎయ్యి చెప్పింటే రెండున్నర నూర్లు పోసి తెస్తువేమో." తక్కెడలోంచి దించాడు. "ఏం మోస్తాదంట ఇది?"

"టీ ఆకు."

"టీ పొడి మనకి సైకిల్లో వస్తాది గదరా. దానికి ఓడ యాల?"

పక్క కొట్టువాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వు తగ్గాక మా నాయన నెమ్మదిగా, నాకొక్కడికే వినబడేటట్టు అన్నాడు. "గల్లా కాడ కూర్చునేవానికి నోరు అదుపులో ఉండాల. విజయదశమి లోపల దీన్ని అమ్ము. పెట్టింది ప్రతి పైసా తిరిగి రావాల. వస్తే నువ్వు కూర్చో. రాకపోతే ఇంకో ఏడు తక్కెడ కాడే నిలబడు."

విరిగిన ఓడను ఎవరు కొంటారు? ముందు దాని కాలు కట్టాలి. చిన్నప్పుడు నా చేయి విరిగితే పుత్తూరులోనే కట్టించారు. వెదురు బద్దలు, గుడ్డ, కోడిగుడ్డు తెల్లసొన. ఆ కట్టు నాకు గుర్తుంది. స్తంభానికీ అదే వేద్దామనుకున్నాను. చిక్కల్లా మా ఇంట్లోకి కోడిగుడ్డు రాకపోవడమే. పెరట్లో మూల కూర్చుని కడుతుంటే మా అమ్మ చూడనే చూసింది.

"ఏందిరా ఆ వాసన?"

"మందు అమ్మా."

"ఓడకి మందు. నీకు పెట్టించింటే బాగుండు." అని, ఆ మూల పసుపునీళ్ళు చల్లి పోయింది. వారం తర్వాత బద్దలు విప్పితే స్తంభం నిటారుగా నిలబడింది. నా చేయి ఇప్పటికీ కొంచెం వంకరే.

దారాల పని నావల్ల కాలేదు. ఒకటి లాగితే నాలుగు బిగుసుకునేవి. మా ఆవిడ నగరి పిల్ల, వాళ్ళ నాయనది నూలు వ్యాపారం. రెండు రోజులు నా అవస్థ చూసి ముచ్చటపడి, మూడో రోజు అడిగింది.

"నేను కడితే ఏమిస్తారు?"

"ఇంటి పనికి కూలేందే?"

"ఇది ఇంటి పనా? ఇంట్లో ఓడలు యాడన్నా ఉంటాయా?"

నగరి నేత చీర, అరవై రూపాయలది, అడిగింది. నేను పదిహేనుకు అడిగాను. ఆమె దారం కింద పెట్టి లేచింది. ఆమెకు వెనక్కి పిలిపించుకోవడం తెలుసు. మూడడుగులు వేయకముందే పిలిచాను. ఆమె పూలు కట్టే ముడితోనే ఒక్కో దారమూ బిగించింది. కొత్త గుడ్డకు టీ డికాషన్ పట్టించి, గంజి పెట్టి, చిరిగిన తెరచాపల చోట కుట్టింది. టీ మోసే ఓడకు టీ రంగే ఉండాలంది.

బొమ్మలకొలువులో పెడదామన్నది కూడా ఆమే. మా వైపు దసరాకు కొట్టులో కొలువు పెట్టడం వాడుక. మా అమ్మ ఒప్పుకోలేదు.

"దేవుళ్ళ మధ్య ఓడేందే?"

"పైమెట్టు మీద కాదత్తా. కింద మెట్టు మీద శెట్టి, శెట్టెమ్మ బొమ్మలు కొట్టు పెట్టుకొని కూర్చోనుంటారు గదా. వాళ్ళకి సరుకు దీంట్లోనే వచ్చిందనుకో."

వ్యాపారానికి సంబంధించిన మాట కాబట్టి మా అమ్మ కాదనలేకపోయింది. నేను అద్దాల పెట్టె ఒకటి చేయించి, ఓడను శెట్టి వెనక నిలబెట్టాను.

రెండో రోజుకు బజారంతా తెలిసింది. మూడో రోజుకు కొండకు వచ్చిన జనం కూడా దారి తప్పి మా కొట్టుకు రాసాగారు. ఒక అవ్వ, "దీంట్లో కాశీకి పోవచ్చా నాయనా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా మా నాయన అందుకున్నాడు. "కాశీకి కాదవ్వా, సీమకు. చైనా కాడ టీ ఆకు ఎక్కించినారంటే రాత్రనక పగలనక ఒకటే పరుగు. ముందు చేరినోనిదే బోణీ." తనే ఆ ఓడ మీద పోయివచ్చినట్టు చెప్పాడు. ఆ తర్వాత ఎవరు వచ్చినా ఆయనే చెప్పేవాడు. రోజురోజుకూ అలలు పెద్దవయ్యాయి.

ఇంతలో ఒక లాడ్జీ ఓనరు వచ్చాడు. కొత్తగా కట్టిన లాడ్జీ ముందు గదిలో పెట్టుకుంటానన్నాడు. నేను నాలుగు వందలు చెప్పాను. ఆయన నూటయాభై నుంచి మొదలుపెట్టి నూట ఎనభై దగ్గర ఆగాడు. విజయదశమి పొద్దున మళ్ళీ వస్తానని పోయాడు. నా ఖర్చు నూటయాభై. గల్లా నాదయినట్టే.

ఆ రోజు అన్నం దగ్గర మా నాయన మజ్జిగ పోసుకుంటూ అడిగాడు. "ఆ లాడ్జీ ఆయప్ప, ఓడని బాగా సూసుకుంటాడా?"

మా ఆవిడ నా వైపు చూసింది. నాకు అర్థమయింది. ఆయనకు ఓడ కావాలి. నోరు తెరిచి అడిగితే పక్క కొట్టువాళ్ళ ముందు తను అన్న మాటలన్నీ తిరిగి మింగాలి. నేను ఊరికే ఇస్తే ఆయన పెట్టిన షరతు పోతుంది, షరతుతో పాటు గల్లా పోతుంది. అమ్మాల్సిందే. ఎవరికి అన్నదే ప్రశ్న.

విజయదశమి పొద్దున తక్కెడకు పూజ చేసి కొట్టు తెరిచాం. మెట్ల మీద ఇంకా ఎవరూ కాలు పెట్టలేదు. మా నాయన భుజం మీది తువ్వాలుతో అద్దాల పెట్టె తుడుస్తున్నాడు.

"లాడ్జీ ఆయనకి ఎంత చెప్తావు?" అన్నాడు, తుడుస్తూనే.

"నాలుగు నూర్లే. దిగేది లేదు. నీకైనా అంతే."

"ఈ కట్టెకి నాలుగు నూర్లా? రెండు నూర్లకిస్తావా చెప్పు."

సగం. ఆ సగం కోసమే నేను రాత్రినుంచి కాచుకున్నాను.

"ఇచ్చినాను నాయనా. బోణీ."

తువ్వాలు ఆగింది. ఆయన హారతి పళ్ళెం వైపు చూశాడు, ఖాళీ మెట్ల వైపు చూశాడు. కొలువు వెనక మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"బోణీ ఎత్తు నా మీదనే ఏసినావా?"

"ఇంకెవరి మీద ఎయ్యాల. నువ్వు నేర్పిందే గదా."

మా నాయన గల్లా తెరిచి రెండు వందలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. నేను లెక్క చూపించాను, పెట్టింది నూటయాభై, వచ్చింది రెండు వందలు. ఆయన పరుపు దులిపి, "కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. పరుపు ఇంకా వెచ్చగా ఉంది.

కాసేపటికి లాడ్జీ ఓనరు వచ్చి ఓడ ఏదని అడిగాడు.

"అమ్ముడుపోయినాది" అన్నాడు మా నాయన.

"ఎవరికి?"

"నాకే."

"ఎంతకి?"

"అది మాత్రం అడగొద్దప్పా" అని, ఆయనకు ఒక ఎవర్‌సిల్వర్ కూజా అమ్మి పంపాడు.

ఇక లెక్క. ఓడకు నూరు. మద్రాసులో కూలీకి రెండు. బస్సులో సగం టికెట్టు నాలుగు. కోడిగుడ్లు, గుడ్డ, దారం, బంక కలిపి పద్నాలుగు. అద్దాల పెట్టె ముప్పయి. మొత్తం నూటయాభై. మా నాయనకు చూపించింది ఇంతవరకే. చూపించనిది నగరి చీర, అరవై. అంటే ఖర్చు రెండు వందల పది, రాబడి రెండు వందలు. పది రూపాయలు నష్టం అప్పటికే ఉంది. దసరా రోజుల్లో అమ్ముడుపోయిన చెంబులూ తట్టలూ ఓడ ఖాతాలో రాసుకోను, పండగ కూడా కొంత అమ్మింది కదా. ఇంకొక సంగతి పరుపు మీద కూర్చున్నాక గాని తట్టలేదు. మా నాయన ఓడకు ఇచ్చిన రెండు వందలు ఏ గల్లాలోంచి తీశాడో, మరుక్షణం నుంచి ఆ గల్లా నాదే. నా డబ్బే నాకు ఇచ్చి, ఓడ ఆయన తీసుకున్నాడు. కాబట్టి రాబడి సున్నా, ఖర్చు రెండు వందల పది, అందులో ఒక్క పైసా ఇప్పటిదాకా తిరిగి రాలేదు.