శౌరమ్మగారి ఊదారంగు అంకెలు

ఇంజెక్షన్ చేశాక సిరంజి కడగడానికంటే ముందు శౌరమ్మగారికి ఒక పని ఉండేది. పుల్లకు చుట్టిన దూదిని ఊదారంగు మందులో ముంచి, రోగి మణికట్టు మీద టైము వేసేవారు. విజయవాడలో ఆవిడ పనిచేసే ఆసుపత్రిలో డాక్టర్లు దాన్ని ‘శౌరమ్మ పచ్చబొట్టు’ అని ఏడిపించేవారు. కాగితం పోతుంది, చెయ్యి ఎక్కడికి పోతుందని ఆవిడ జవాబు.

ఆవిడ గుణదలలో పుట్టి, అక్కడి నుంచే ఇరవయ్యేళ్లుగా రిక్షాలో డ్యూటీకి వస్తున్న నర్సు. పెళ్లి ఎందుకు చేసుకోలేదని అడిగితే, నాడి చూస్తానని చెయ్యి పట్టుకుని నోరు మూయించేవారట. చేరిన కొత్తలో, నొప్పి ఇంజెక్షన్ చేసిన ఒక రోగి హాయిగా నిద్రపోతోందనుకుని దుప్పటి కప్పి వెళ్లారు. ఆమె మళ్లీ లేవలేదు. టైము వెయ్యడం, పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెట్టడం అప్పటినుంచీ అలవాటయ్యాయి.

నేను మైలవరంలో లెక్కల మాస్టారిని, పేరు వెంకటకృష్ణారావు. 1974 వేసవిలో ఒక పొద్దున నా భార్య రామతులసికి మూత్రపిండంలో రాయి నొప్పి వచ్చింది. మా మేనమామ ఊళ్లో సూదులు వేస్తుంటాడు. డాక్టరీ మాత్రం చదవలేదు. రామతులసి మెలికలు తిరిగిపోతుంటే చూడలేక, నొప్పికి ఇచ్చే పెథిడిన్ రెండు డోసులు కలిపి ఒకేసారి పొడిచాడు. నొప్పి తగ్గలేదు. విజయవాడకు అద్దె కారు ఎక్కుతుంటే నన్ను పక్కకు పిలిచాడు.

“అక్కడ నా పేరు ఎత్తమాక అబ్బాయ్, కొంప మునుగుద్ది.”

ఆసుపత్రిలో శౌరమ్మగారు మూడుసార్లు అడిగారు. “వచ్చేముందు ఎవరైనా ఇంజెక్షన్ చేశారాండీ?” రామతులసి సగం మూసిన కళ్లతో మూలుగుతోంది, చెప్పే స్థితిలో లేదు. మూడుసార్లూ లేదన్నాను. రాజ్యలక్ష్మి డాక్టరుగారు పెథిడిన్ చెయ్యమన్నారు. శౌరమ్మగారు చేసి, మణికట్టు మీద 11.40 అని వేసి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

“కళ్లు చూడరాండీ?” అన్నాను, ఏదో తెలిసినవాడిలా.

“నల్లమందుకైతే కంటిపాప ఆవగింజంత అవుద్దండి. దీనికి ఒక్కోసారి అవ్వదు. నేను ఊపిరినే నమ్ముతాను.”

పన్నెండుంబావుకి ఊపిరి నిమిషానికి ఎనిమిది. తర్వాత ఆరు. పెదాలు నల్లబడ్డాయి. డాక్టరుగారు పరుగున వచ్చి, ముఖానికి మాస్కు పెట్టి గాలిసంచి నొక్కుతున్నారు. నాలార్ఫిన్ అనే విరుగుడు ఉంది, కానీ ఆవిడ తటపటాయించారు.

“ఒక్క డోసుకి ఇంతలా అవ్వకూడదు సిస్టర్. ఇది పెథిడిన్ వల్ల కాకపోతే, నాలార్ఫిన్ ఊపిరిని ఇంకా కుంగదీస్తుంది.”

శౌరమ్మగారు నావైపు తిరిగారు. చేశారా అని ఈసారి అడగలేదు.

“ఎన్నింటికి చేశారండీ?”

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాలుగోసారి కూడా అబద్ధమే ఆడేవాణ్నేమో. “పదింటికి. పెథిడిన్, రెండు డోసులు,” అన్నాను. మామ కొంపా, నా పరువూ రెండూ పోతే పోనీ అనిపించింది.

విరుగుడు నరంలోకి ఎక్కింది. రెండు నిమిషాల్లో రామతులసి ఛాతీ నిండుగా లేచింది. పద్నాలుగు. నాకు ఏడుపు ఆగలేదు. గండం గడిచిందని కాఫీకి లేవబోతే శౌరమ్మగారు కూర్చోబెట్టారు.

“బస్సులో సీటు ఖాళీ అవ్వగానే తువ్వాలు వేస్తారు చూడండి. పెథిడిన్ను లేపి ఈ విరుగుడు తన తువ్వాలు వేసుకుంది, అంతే. పెథిడిన్ బస్సు దిగలేదు, నిలబడే ఉంది. ఇది లేచిందంటే అది మళ్లీ కూర్చుంటుంది. మీరూ లెక్కపెట్టండి, లెక్కల మాస్టారు కదా.”

రెండింటికి ఆవిడ డ్యూటీ అయిపోయింది. వెళ్లలేదు. ఆవిడను తీసుకెళ్లే రిక్షా మరియదాసు రెండుసార్లు వచ్చి తొంగిచూసి పోయాడు. మూడింటికి ఊపిరి మళ్లీ తొమ్మిదికి పడింది. ముందు పట్టుకున్నది నేనే. ఇంకో డోసు విరుగుడు ఇచ్చారు. విరుగుడు ఇచ్చిన రెండు టైములూ రామతులసి చేతి మీద వేశాక శౌరమ్మగారు, “పదింటిది ఎక్కడా లేదండీ,” అంటూ నా చెయ్యి తీసుకున్నారు. నా మణికట్టు మీద 10.00 అని వేశారు. నేను వద్దనలేదు.

ఐదున్నరకి రామతులసి కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది. గ్లాసు అందిస్తుంటే తన చేతి మీది అంకెలూ, నా చేతి మీదివీ చూసింది.

“పదింటికి పొడిచింది నాకు కదండీ. మీ చేతి మీద వేశారేంటి?”

“నీ చేతి మీద చోటు లేదమ్మా. ఆయన మోస్తున్నారు,” అని శౌరమ్మగారు సంచీ భుజాన వేసుకుని రిక్షా ఎక్కడానికి వెళ్లిపోయారు. అంత దయ నాకు దక్కాల్సింది కాదు.

ఆవిడ వెళ్లాక రామతులసికి అంతా చెప్పేశాను. ముఖం గోడవైపు తిప్పుకుంది. తర్వాత నా మణికట్టు పట్టుకుని, వదలకుండా అలాగే నిద్రపోయింది. నేను కదలకుండా కూర్చుని లెక్కపెట్టాను. పదహారు.